కొత్త సంఘం మొదలుపెట్టడానికి ఒక్క పాస్టర్ సరిపోతారా? 27 ఏళ్ళ అనుభవంతో నా సమాధానం

వందనాలు తమ్ముడూ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మీ ఏడు కుటుంబాలు ఎనిమిది నెలలుగా ఆదివారం సాయంత్రం కూడుకుంటున్నాయి. ఇప్పుడు అందరూ “మీరే పాస్టర్‌గా ఉండండి, సంఘంగా మొదలుపెడదాం” అంటున్నారు. మీరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నారు, బైబిల్ కాలేజీకి వెళ్ళలేదు. మీరు అడిగినవి మూడు. ఒక్కడినే పాస్టర్‌గా మొదలుపెట్టొచ్చా? పెద్దల్నీ, డీకన్లనీ (సంఘంలో సేవ పనులు చూసేవాళ్ళు), ట్రెజరర్‌నీ ముందే నియమించుకోవాలా? ఇందులో నా భార్య బాధ్యత ఏమిటి?

నేను పాస్టర్‌ని కాదు, పాస్టర్ గారి భార్యను. 1997లో పెళ్ళయింది. అప్పటినుంచి అయ్యగారితో కలిసి మార్కాపురం దగ్గర ఒక పల్లెలో, తర్వాత పిడుగురాళ్ళలో, ఆ తర్వాత హైదరాబాద్ శివారులో మూడు సంఘాలు మొదలుపెట్టాం. కొన్నేళ్ళుగా, కొత్తగా సేవ మొదలుపెట్టే జంటలతో కూర్చుని మాట్లాడటమే నాకు ఎక్కువ పని. మీ మూడో ప్రశ్న చూశాకే ఈ సమాధానం రాయాలనిపించింది, ఎందుకంటే ఆ ప్రశ్న అడిగేవాళ్ళు చాలా తక్కువ.

సూటిగా చెప్తాను. ఒక్కరే మొదలుపెట్టకండి. అలాగని మొదటి రోజే పదవులు పంచకండి. మొదటి ఆదివారం నాటికి నాలుగు పనులు ఎవరు చేస్తారో తెలిసి ఉంటే చాలు. వాక్యం చెప్పేది ఎవరు, ఇళ్ళకు వెళ్ళి పలకరించేది ఎవరు, కానుకల లెక్క చూసేది ఎవరు, మీరు తప్పు చేస్తే మిమ్మల్ని నిలదీసేది ఎవరు. ఈ నాలుగూ మీరొక్కరే చేయబోతుంటే ఇంకా ఆగండి. వేర్వేరు మనుషులు దొరికితే మొదలుపెట్టండి. “పెద్దలు” అనే మాట మాత్రం కనీసం ఏడాదిన్నర ఎత్తకండి. మీ భార్య బాధ్యత ఏమిటో మీరు కాదు, సంఘం కాదు, ఆమే చెప్పాలి.

ఇక ఎందుకలా అన్నానో చెప్తాను.

మనలో చాలామందికి సంఘం అనగానే ఒక దైవజనుడు, ఒక మైకు, ఎదురుగా జనం కనిపిస్తారు. కానీ మన తెలుగు నేల మీద సంఘాలు అలా పుట్టలేదు. ఒంగోలు చరిత్ర చూడండి. అందరికీ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర గారి పేరు గుర్తుంటుంది. ఆయన ఒంగోలులో కాపురం పెట్టకముందే యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, వ్యాపారం మీద ఊళ్ళు తిరుగుతూ సువార్త విని నమ్మి, తన ఊరి చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో చెప్పడం మొదలుపెట్టారు. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు ఉన్నది 8 మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలోకి దిగి, ఒక జత అలసిపోతే మరో జత అందుకుంటూ బాప్తిస్మాలు ఇచ్చారు. దొరగారు దారి చూపించారు, పేరయ్య గారి లాంటివాళ్ళు పల్లెల్లో తలుపులు తెరిపించారు, ఊరూరా బోధకులు నిలబడ్డారు. వీళ్ళలో ఎవరు లేకపోయినా ఆ పని జరిగేది కాదు.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు గారు కూడా, సంఘం గురించి చెప్తూ, “నేను నాటాను, అపొల్లో నీళ్ళు పోశాడు” అన్నారు. ఈ మాట మనం ప్రసంగాల్లో వినయానికి గుర్తుగా వాడతాం. నాకైతే ఇది పని పంపకం గురించిన మాటగానే అర్థమైంది, అదీ మా ఇంట్లోనే.

నాటే మనిషి, కాపు కాసే మనిషి ఒకరే కానవసరం లేదు. అయ్యగారు నాటే మనిషి. కొత్త ఊళ్ళో దిగితే సాయంత్రానికి టీ కొట్టు దగ్గర నలుగురు స్నేహితులుంటారు. నెల తిరిగేసరికి ఎవరింటి అరుగు మీదో ప్రార్థన మొదలవుతుంది. మా మొదటి పల్లెలో రెండేళ్ళలో నలభై మంది అయ్యారు. మూడో ఏడు మనుషులు రావడం తగ్గింది. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు. నాకు తెలుసు. ఆయన మనసు అప్పటికే పక్క ఊరి మీదికి పోయింది. జ్వరంతో పడుకున్న ముసలమ్మ దగ్గర అరగంట కూర్చోవడం ఆయనకు చేతకాదు. అది పాపం కాదు, ఆయనకు దేవుడిచ్చిన వరం అది కాదు, అంతే.

అదే పల్లెలో ఒక పెద్దాయన ఉండేవారు. మేకలు కాసేవారు, చదువు రాదు. కానీ ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో, ఏ కోడలు పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదో ఆయనకు తెలిసేది. ఎవరు రెండు ఆదివారాలు కనబడకపోయినా సోమవారం సాయంత్రం వాళ్ళ వాకిట్లో ఉండేవారు. అసలైన కాపరి ఆయనే. కానీ చదువు రాదు కాబట్టి ఆయనకు మేం ఏ బాధ్యతా అప్పగించలేదు. వాక్యం చదవగలిగిన ఒక కుర్రాడికి అప్పగించాం. ఆ కుర్రాడు ఏడాదిలో పని వెతుక్కుంటూ ఊరు వదిలి వెళ్ళాడు. ఇప్పుడైతే పెద్దాయనకు కాపు అప్పగించి, చదవడం కుర్రాడికి ఇచ్చేవాళ్ళం. ఇన్నేళ్ళలో మేం చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

మీరు ఏ రకం మనిషో ముందు మీకు తెలియాలి. మీ ప్రశ్నను బట్టి చూస్తే మీరు బోధించే మనిషిలా అనిపిస్తున్నారు. మీ ఏడు కుటుంబాల్లో కొత్తవాళ్ళను తీసుకొచ్చేది ఎవరు? ఎవరికైనా కష్టం వస్తే అందరూ ముందు ఫోన్ చేసేది ఎవరికి? ఆ పేర్లు మీవి కాకపోతే బాధపడకండి, సంతోషించండి.

ఇక డబ్బు. పాస్టర్ చేయి కానుకల సంచిలో పడకూడదు. లెక్కపెట్టడానికి కూడా. మేం పిడుగురాళ్ళలో ఉన్నప్పుడు సున్నం బట్టీల్లో పనిచేసే కుటుంబాలు ఎక్కువగా వచ్చేవి. పది, ఇరవై రూపాయల నోట్లు, చిల్లర. ఆదివారం సాయంత్రం అయ్యగారు ఆ సంచి ఇంటికి తెస్తే నేను బియ్యం డబ్బాలో దాచేదాన్ని. ఒక జూన్ నెలలో బాబు ఫీజుకు అందులోంచి కొంత తీసి కట్టి, వచ్చే నెల తిరిగి పెట్టేశాం. ఒక్క రూపాయి తగ్గలేదు. కానీ తీసిన విషయం ఎవరికీ చెప్పలేదు, పుస్తకంలో రాయలేదు. అది ఎలా తెలిసిందో తెలిసింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మా మీద నమ్మకం పెట్టుకున్న పేద మనుషులు, ఆ నమ్మకాన్ని పోగొట్టుకుంది మేమే.

పౌలు గారు యెరూషలేము పేదల కోసం చందా పట్టుకెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నారు, ఎవరూ వేలెత్తి చూపకూడదని. ఆయనకే అంత జాగ్రత్త అవసరమైతే మనమెంత. కాబట్టి మొదటి ఆదివారం నుంచే ఇద్దరు లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు, మీ బంధువులు అసలే కాకూడదు. లెక్క అక్కడికక్కడే పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. నెలాఖరున మొత్తం అందరి ముందు చదవాలి. ఫోన్‌పే, గూగుల్‌పేలో కానుకలు మీ సొంత నంబరుకు రానివ్వకండి. ఈ రోజుల్లో ఎక్కువ గొడవలు అక్కడే మొదలవుతున్నాయి. ఈ పనికి పెద్ద చదువు అక్కర్లేదు. మా మూడో సంఘంలో లెక్క చూసింది కిరాణా కొట్టు నడిపే ఒక సహోదరి. ఆమె పుస్తకంలో పదేళ్ళలో ఒక్క కొట్టివేత లేదు.

మీది హైదరాబాద్ కాబట్టి ఇంకో మాట. మీ స్నేహితులు అమెరికా నుంచి కానుకలు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి ఉండాలి, అది లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. ఈ తేడా తెలిసిన మనిషే మీ ట్రెజరర్ కావాలి.

పెద్దల విషయానికి వస్తాను. మీవాళ్ళు తొందరపడేది ఇక్కడే అని నాకు తెలుసు. “నలుగురిని పెద్దలుగా పెట్టేద్దాం, గౌరవంగా ఉంటుంది” అంటారు. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం చూడండి. పౌలు, బర్నబా లుస్త్ర, ఈకొనియ, పిసిదియలోని అంతియొకయలలో పెద్దల్ని ఏర్పరిచారు. మొదటిసారి వెళ్ళినప్పుడు కాదు, తిరుగు ప్రయాణంలో. అంటే మధ్యలో కొంత కాలం గడిచింది, హింస వచ్చింది, ఎవరు నిలబడ్డారో కనబడింది. క్రేతు ద్వీపంలో కూడా పౌలు గారు తన తోటి సేవకుడు తీతును వెనక వదిలి ఊరూరా పెద్దల్ని నియమించమన్నారు. కొత్తగా నమ్మినవాణ్ణి పెట్టొద్దని తిమోతికి విడిగా చెప్పారు.

హైదరాబాద్ శివారులో మేం దీనికి విరుద్ధంగా చేశాం. ఒక ఫంక్షన్ హాలు పైఅంతస్తు అద్దెకు తీసుకుని మొదలుపెట్టాం. అద్దె, మైకు సెట్టు, కుర్చీలు అన్నీ ఖర్చే. మూడో నెలలోనే నలుగురిని పెద్దలుగా ప్రకటించాం. మనస్ఫూర్తిగా చెప్తున్నాను, ఆ నలుగురిని ఎంచుకున్నది ఎక్కువ కానుక ఇచ్చేవాళ్ళు కాబట్టే. ప్రార్థన చేసే ఎంచుకున్నాం అనుకున్నాం, కానీ మా మనసులో ఉన్నది అద్దె. ఏడాది తిరక్కముందే ఇద్దరి మధ్య మాట పడింది. ఒకాయన పద్నాలుగు కుటుంబాలతో బయటికి వెళ్ళారు. కీబోర్డు ఆయన కొనిచ్చిందే కాబట్టి అదీ వెళ్ళింది. వెళ్ళినవాళ్ళలో మా పాప సండే స్కూల్ స్నేహితులంతా ఉన్నారు. ఆ ఆదివారం ఇంటికొచ్చి అది అన్నం తినలేదు.

ఎక్కువ ఇచ్చేవాళ్ళు దాతలు. పెద్దరికం వేరు. ఎవరు పెద్ద కాగలరో తెలుసుకోవడానికి నేను చూసేవి చాలా మామూలు సంగతులు. కూడిక అయ్యాక కుర్చీలు ఎవరు మడతపెడుతున్నారు? తన మాట నెగ్గనప్పుడు వచ్చే ఆదివారం వస్తున్నారా? ఇంట్లో భార్యాపిల్లలు ఆయన మాటకు సంతోషంగా తల ఊపుతున్నారా, భయంతో ఊపుతున్నారా? అప్పులిచ్చి వడ్డీకి తిప్పుతున్నారా? ఏడాదిన్నర చూస్తే ఇవన్నీ తెలుస్తాయి. మూడు నెలల్లో ఎవరైనా మంచివాళ్ళలాగే కనిపిస్తారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. నేను చెప్పేది అన్ని సంఘాలకూ ఒకేలా వర్తించదు. మీరు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) నుంచి వచ్చినవాళ్ళైతే అక్కడ ప్రెస్బిటర్‌ని, అంటే పాస్టర్‌ని, బిషప్ గారు పంపుతారు, బదిలీ చేస్తారు. పాస్టరేట్ కమిటీ ఉంటుంది. మీ అంతట మీరు మొదలుపెట్టి ఆ పేరు పెట్టుకోవడం కుదరదు. బాప్టిస్టు సంఘాల్లో సభ్యుల మాటకు బరువెక్కువ. బ్రదరెన్ సహవాసాల్లోనూ, హైదరాబాద్ హెబ్రోను కేంద్రంగా బక్త్ సింగ్ గారి పరిచర్య ద్వారా పుట్టిన సంఘాల్లోనూ జీతం తీసుకునే ఒకే పాస్టర్ అనే పద్ధతి లేదు. పెద్దలూ సేవకులూ కలిసి నడిపిస్తారు. స్వతంత్ర పెంతెకోస్తు సంఘాల్లో ఎక్కువగా పాస్టర్ గారి చుట్టూనే అన్నీ తిరుగుతాయి. మీ ఏడు కుటుంబాలు ఏయే నేపథ్యాల నుంచి వచ్చాయో మీరు రాయలేదు. అది ముందు తేల్చుకోండి. ఒకాయన “పెద్ద” అంటే వాక్యం చెప్పేవాడు అనుకుంటాడు, ఇంకొకాయన కమిటీ మెంబర్ అనుకుంటాడు. మాట ఒకటే, మనసులో బొమ్మలు వేరు. ఈ తేడా మాట్లాడుకోకుండా పదవి ఇస్తే గొడవను పిలిచి కూర్చోబెట్టుకున్నట్టే.

డీకన్ల గురించి అడిగారు. అవసరం పుట్టాక మనిషిని పెట్టండి. యెరూషలేములోని తొలి సంఘంలో అపొస్తలులు ఏడుగురిని ఎప్పుడు ఏర్పరిచారు? రోజూ పంచే ఆహారంలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవాళ్ళు సణిగినప్పుడు. ఎన్నికైన ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే బాధపడిన వర్గం నుంచే మనుషుల్ని తీసి వాళ్ళ చేతికే ఆ పని ఇచ్చారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. మన సంఘాల్లో ఎవరైనా ఫిర్యాదు చేస్తే వాళ్ళని పక్కన పెడతాం. వాళ్ళకు బాధ్యత అప్పగించి చూడండి. మీ దగ్గర రేపు పల్లెల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు చేరతాయి. మేస్త్రీలు, వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్ళలో పనిచేసే అక్కలు వస్తారు. సాఫ్ట్‌వేర్ కుటుంబాలే అన్ని బాధ్యతలూ పట్టుకుని ఉంటే వాళ్ళు వెనక కుర్చీల్లోనే ఉండిపోతారు. కులం సంగతి కూడా అంతే. ప్రభువు బల్ల దగ్గర ఒకటే అంటాం, కమిటీలో చూస్తే ఒకే వరస ఇంటిపేర్లుంటాయి. మీ సంఘంలో అది మొదటి నుంచే జరగనివ్వకండి. తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

ఇల్లు ఇచ్చేవాళ్ళు కూడా నాయకులే. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫిలిప్పీలో లూదియ ఇల్లు, అకుల ప్రిస్కిల్లల ఇల్లు లేకుండా ఆ సంఘాలను ఊహించలేం. మీ కూడిక ఇప్పుడు ఎవరి ఫ్లాట్‌లో జరుగుతోంది? ఆ ఇంటి ఆడమనిషిని ఒకసారి విడిగా కూర్చోబెట్టి అడగండి. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం ముప్ఫై మందికి టీ, ఇల్లు తుడవడం, పిల్లలు గోడల మీద గీసిన గీతలు, గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూసి పక్కింటివాళ్ళ మొహాలు. ఆమె నోరు తెరిచి అనదు. రెండు మూడు ఇళ్ళ మధ్య మార్చుకోండి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకే ఇంట్లో రెండేళ్ళు జరిగితే ఆ ఇంటివాళ్ళకు సంఘం తమదే అనిపించడం మొదలవుతుంది. వాళ్ళ తప్పు కాదది, అంత కష్టపడ్డాక ఎవరికైనా అనిపిస్తుంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో, ఇంటి ఓనర్‌తో, అవసరమైతే పోలీసు స్టేషన్‌లో మాట్లాడేందుకు ఒక మనిషి ఉండాలి. అది మీరు కాకపోతే మంచిది. కోపం రాని మనిషిని చూసుకోండి. ముందే వెళ్ళి చెప్పడం, ఫలానా టైముకు ముగిస్తామని మాటిచ్చి ముగించడం, పార్కింగ్ అడ్డం లేకుండా చూడటం ఈ మనిషి పనులు. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది చట్టం. ఉపవాస ప్రార్థనలకైనా, డిసెంబరు 31 రాత్రి కూడికకైనా అనుమతి గురించి ముందే కనుక్కోవాలి. ఇరుగుపొరుగుతో మంచిగా ఉండటం సువార్తకు ముందు మాట.

రిజిస్ట్రేషన్ గురించి క్లుప్తంగా. సొసైటీగా పెట్టుకుంటే 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో పాస్టర్, భార్య, బావమరిది, తమ్ముడు అని నింపేసే పద్ధతి మనవాళ్ళలో చాలా ఉంది. చట్టం ఒప్పుకున్నా సంఘం మనసు ఒప్పుకోదు. ఏడు కుటుంబాల నుంచి ఒక్కొక్కరిని పెట్టండి, మీకు సరిగ్గా సరిపోయింది కూడా. ఇంకొకటి, మీరు పాస్టర్ అయిన ఆరు నెలల్లో ఎవరో ఒకరు పెళ్ళి చేయమంటారు. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం స్వతంత్ర సంఘ పాస్టర్‌కు లైసెన్సు ఉండాలి. లేకుండా ప్రార్థన చేసి పెళ్ళి చేసేస్తే తర్వాత సర్టిఫికెట్ దగ్గర ఇబ్బంది పడేది ఆ పిల్లలు. లైసెన్సు వచ్చేదాకా, లైసెన్సు ఉన్న పెద్ద పాస్టర్ గారిని పిలిపించండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పాటలు పాడే కుర్రాళ్ళ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. చేతిలో మైకు ఉన్నవాడు జనం దృష్టిలో నాయకుడే, మీరు అనుకున్నా అనుకోకపోయినా. గొంతు బాగుందని నిన్న వచ్చినవాడికి ఈ రోజు ఆరాధన అప్పగించకండి. సండే స్కూల్‌కి మాత్రం వయసు చూడకండి. మా పిడుగురాళ్ళ సంఘంలో ఇంటర్ చదివే అమ్మాయి పదకొండు మంది పిల్లలతో మొదలుపెట్టింది. ఆ పిల్లల కోసం వచ్చిన తల్లులే తర్వాత సంఘమయ్యారు.

ఇప్పుడు మీ భార్య గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువే రాస్తాను.

పాస్టర్ భార్యను అందరూ “అమ్మగారు” అంటారు. పిలుపు గొప్పగా ఉంటుంది. ఆ పిలుపుతో పాటు స్త్రీల కూడిక, సండే స్కూల్, పాటలు, వచ్చినవాళ్ళకు భోజనం, పురుళ్ళు, చావులు, మొగుడూపెళ్ళాల తగవులు అన్నీ వచ్చి పడతాయి. ఎవరూ అడగరు, ఎవరూ అప్పగించరు, చేయకపోతే మాత్రం “అయ్యగారు మంచివారే గానీ అమ్మగారు కలవరు” అంటారు. నాకు పెళ్ళైన రెండో ఏడు గర్భం నిలవలేదు. హాస్పిటల్ నుంచి వచ్చిన నాలుగో రోజు ఉపవాస కూడిక నేనే నడిపించాను, ఇంకెవరూ లేరని. అప్పుడు దాన్ని త్యాగం అనుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్ని అలా చేయనివ్వను.

అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతం నుంచి 1909లో దోర్నకల్లుకు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో అక్కడి బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. పల్లెలకు పంపే ఉపదేశకుల్ని తయారుచేసేటప్పుడు వాళ్ళ భార్యలకు కూడా చదువూ తర్ఫీదూ ఇప్పించారు. ఎందుకంటే పల్లెలో సంఘం నిలబడేది ఆ ఇద్దరి మీద అని ఆయనకు తెలుసు. మనం ఈ రోజు ఆ తర్ఫీదు మానేసి, పని మాత్రం ఉంచాం.

కాబట్టి మొదలుపెట్టకముందు మీ భార్యను మూడు విషయాలు అడగండి. జవాబు చెప్పడానికి వారం టైమివ్వండి. ఈ పిలుపు నీకూ ఉందా, లేక నా పిలుపుకు నువ్వు ఒప్పుకుంటున్నావా? నువ్వు ఇష్టంగా చేయగలిగింది ఏమిటి? నువ్వు చేయనని ముందే చెప్పదలుచుకున్నది ఏమిటి? ఆమె “నేను ఉద్యోగం చేసుకుంటాను, ఆదివారం అందరిలాగే వస్తాను” అన్నా సరే, అది సంఘం ముందు మీ నోటితో చెప్పండి. ప్రిస్కిల్లలా ఆమెకు వాక్యం బోధించే వరం ఉంటే దానికి అడ్డుపడకండి. అపొల్లో అంతటి పండితుణ్ణి ఇంటికి పిలిచి సరిదిద్దింది ఆ దంపతులే.

ఒక నియమం మాత్రం మీ ఇద్దరికీ చెప్తాను. ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంటికి ప్రార్థనకు పాస్టర్ ఒంటరిగా వెళ్ళకూడదు, ఎంత అర్జెంటైనా. ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళడానికి వయసులో పెద్ద అయిన ఇద్దరు సహోదరీలను మొదటి నెలలోనే చూసుకోండి. వెనకటి బైబిల్ స్త్రీలు చేసిన పని ఇదే. మగవాళ్ళు అడుగుపెట్టలేని లోపలి గదుల్లోకి వాళ్ళు వెళ్ళారు. ఆ సహోదరీలు నోరు జాగ్రత్త గలవాళ్ళై ఉండాలి. ఒక ఇంటి కన్నీళ్ళు రెండో ఇంట్లో ప్రార్థన అంశంగా చెప్పేవాళ్ళు పనికిరారు.

చివరిగా, మీ పైన ఎవరు? మీ ప్రశ్నలో లేని విషయం ఇదే, నాకు టెన్షన్ పెట్టింది కూడా ఇదే. పౌలు, బర్నబాలు తమంతట తాము బయల్దేరలేదు. సిరియాలోని అంతియొకయ సంఘం ఉపవాసముండి, ప్రార్థించి, చేతులుంచి పంపింది. తిరిగొచ్చి ఆ సంఘానికే జరిగిందంతా వివరించారు. మీరు పెరిగిన సంఘం ఏదో ఉంటుంది. అక్కడి పాస్టర్ గారికి ఈ విషయం చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే వెళ్ళండి. వాట్సాప్‌లో కాదు, మనిషిగా వెళ్ళి కూర్చుని చెప్పండి. ఆయన సంతోషంగా పంపకపోవచ్చు, నొచ్చుకోవచ్చు. అయినా చెప్పి వెళ్ళినవాడు వేరు, చెప్పకుండా విడిపోయినవాడు వేరు. ఆయన కుదరకపోతే, మీకంటే పదిహేనేళ్ళు పెద్దయిన, మీ దగ్గర్నుంచి ఏమీ ఆశించని ఒక జంటను అడగండి. నెలకోసారి కలవండి. మీ లెక్కల పుస్తకం, మీ కాపురం రెండూ వాళ్ళు అడగగలగాలి. “ఇది వద్దు” అని వాళ్ళంటే ఆగిపోతానని సంఘం ముందు ఒప్పుకోండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. పౌలు గారు డేరాలు కుట్టారు. రెండేళ్ళు జీతం మీద బతుకుతూ సేవ చేయండి. అప్పుడు మీ చేతికి టైము తక్కువ ఉంటుంది కాబట్టి పనులు వేరేవాళ్ళకు ఇవ్వక తప్పదు. అది మీకు మంచిది, సంఘానికి ఇంకా మంచిది. బైబిల్ కాలేజీ గురించి దిగులు పడకండి, సాయంత్రం తరగతులూ ఆన్‌లైన్ కోర్సులూ ఉన్నాయి. కానీ నేర్చుకోకుండా మాత్రం ఉండకండి. ప్రతి ఆదివారం మీరే వాక్యం చెప్పకుండా, నెలలో ఒక వారం ఇంకొకరికి ఇవ్వండి, ఆ రోజు మీరు కింద కూర్చుని వినండి.

మీ ఏడు కుటుంబాల్లో కొత్తవాళ్ళను తెచ్చేది ఎవరు, కష్టమొస్తే ఫోన్ వెళ్ళేది ఎవరికి, లెక్క రాసే ఇద్దరు ఎవరు, మీ పైన ఉండే జంట ఎవరు అన్నది మీ భార్యతో కూర్చుని ఒక కాగితం మీద రాయండి. పేర్లు ఇక్కడ పెట్టొద్దు. ఎన్ని ఖాళీలు మిగిలాయో మాత్రం చెప్పండి. దాన్ని బట్టి ఎప్పుడు మొదలుపెట్టొచ్చో మాట్లాడుకుందాం. మీ భార్యకు ఏమైనా అడగాలనిపిస్తే ఆమెనే రాయమనండి, ఆమెకు విడిగా జవాబిస్తాను.